రెండు నిమిషాల వీడియో: స్పోకెన్ ఇంగ్లిష్‌కు ఇంట్లోనే ఒక అభ్యాసం



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, కుర్చీలోంచి లేవబోతూ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, మావోడు మంచిగనే రాస్తడు గానీ ఇంగ్లిష్‌ల మాట్లాడుమంటే నోరు తెరవడు. ఏం చెయ్యాలె?" జనగామలో అయినా, మహబూబాబాద్‌లో అయినా, భూపాలపల్లిలో అయినా ఈ ప్రశ్న మారదు. ఇంగ్లిష్ మీడియం ఫీజు కట్టేటప్పుడు మీ మనసులో ఉండే మొదటి కోరికల్లో ఇదొకటని మాకు తెలుసు. ఈ నెల పాఠం ఆ ప్రశ్న గురించే.

దీనికి కొత్త పుస్తకం, కోచింగ్, యాప్ ఏవీ అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోన్, వారానికి మూడు రోజులు, రోజుకు పావుగంట చాలు. పిల్లలు ఒక విషయం గురించి ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడి తమను తామే వీడియో తీసుకుంటారు. తర్వాత దాన్ని తామే చూసుకుని, మళ్లీ చెబుతారు. పద్ధతి అంతే. అయితే ఒక షరతు ఉంది. ఆ వీడియోను మొదట చూడాల్సింది, మొదట మార్కులు వేసుకోవాల్సింది పిల్లలే. ఈ షరతు తప్పితే అభ్యాసం కాస్తా ప్రదర్శన అయిపోతుంది. అప్పుడు మాట్లాడని పిల్లలు ఇంకా ముడుచుకుంటారు.

క్లాసులో మాట్లాడే సమయం ఎంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. నలభై నిమిషాల పీరియడ్, క్లాసులో నలభై మంది పిల్లలు అనుకోండి. టీచర్ పాఠం చెప్పకుండా, బోర్డు మీద ఏమీ రాయకుండా, పీరియడ్ మొత్తం పిల్లలకే వదిలేసినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక్క నిమిషం. నిజంగా జరిగేది అంతకంటే తక్కువే. చేయి ఎత్తే ఐదారుగురే ఎక్కువ మాట్లాడతారు, వెనక బెంచీ పిల్లలకు "యెస్ మేడం", "నో మేడం" దగ్గరే రోజు గడిచిపోతుంది. ఈత నేర్చుకోవాలంటే నీళ్లలో దిగాలి. నోటి అభ్యాసానికి కావలసిన నిమిషాలు బడిలో ఎంత పెంచినా పూర్తిగా సరిపోవు. ఆ లోటు కొంత ఇంట్లోనే పూడ్చాలి.

యాన్యువల్ డే స్పీచ్ సంగతేమిటని మీరు అడగవచ్చు. స్టేజీ భయం పోవడానికి అది మంచిదే. కానీ పేపరు మీద రాసిచ్చింది బట్టీ పట్టి అప్పజెప్పడం, మాట్లాడటం రెండూ ఒకటి కావు. తేడా తెలుసుకోవాలంటే స్పీచ్ అయిపోగానే ఆ విషయం మీదే ఒక చిన్న ప్రశ్న అడగండి. మూడు నిమిషాలు ఆగకుండా చెప్పిన పిల్లలు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతే, వాళ్లకు ఉన్నది జ్ఞాపకశక్తి. భాష ఇంకా రావాల్సి ఉంది. ఈ పాఠంలో చెప్పే వీడియోకు స్క్రిప్టు ఉండదు. అందుకే అది పనిచేస్తుంది.

టీచర్లు కూడా ఇలాగే నేర్చుకున్నారు

ఇది మేము కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. బీఈడీ చదివిన ప్రతి టీచరూ మైక్రో టీచింగ్ అనే శిక్షణ దాటి వచ్చినవారే. 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. కొత్త టీచర్ కొద్దిమంది విద్యార్థులకు చిన్న పాఠం చెబుతారు. దాన్ని వీడియో టేపు మీద రికార్డు చేసి, వాళ్లకే చూపిస్తారు. లోపం ఎక్కడుందో చూసుకుని అదే పాఠం మళ్లీ చెబుతారు. మన దేశంలో బీఈడీ పుస్తకాల్లో కనిపించే నమూనాలో పాఠం చెప్పడం 6 నిమిషాలు, సలహాలు, మళ్లీ ప్లాన్ వేసుకోవడం, మళ్లీ చెప్పడం, మళ్లీ సలహాలు, అన్నీ కలిపి 36 నిమిషాలు. ఒక్కసారికి ఒక్క నైపుణ్యం మీదే దృష్టి. ప్రశ్నలు అడగడం మీద అభ్యాసమైతే ఆ రోజు బోర్డు మీద చేతిరాత గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లల వీడియోకు కూడా ఈ రెండు నియమాలే కావాలి: చిన్న ముక్క తీసుకోవాలి, ఒక్కసారికి ఒక్కటే దిద్దుకోవాలి.

భాష నేర్చుకోవడంలో రికార్డింగ్ ఎందుకు ఉపయోగపడుతుందో చెప్పే ప్రసిద్ధమైన ఉదాహరణ ఇంకొకటి ఉంది. రిచర్డ్ ష్మిట్ అనే అమెరికన్ భాషావేత్త బ్రెజిల్‌లో కొన్ని నెలలు ఉండి పోర్చుగీసు నేర్చుకున్నారు. రోజూ డైరీ రాశారు. మధ్యమధ్యలో తన సంభాషణలు రికార్డు చేశారు. తర్వాత పోర్చుగీసు తెలిసిన సిల్వియా ఫ్రోటాతో కలిసి ఆ డైరీని, టేపులను పక్కపక్కన పెట్టి పరిశీలించారు. 1986లో అచ్చయిన ఆ పరిశీలనలో తేలింది ఏమిటంటే, ఎదుటివాళ్లు తనను ఎన్నిసార్లు సరిదిద్దినా, సరిదిద్దుతున్నారని తాను గమనించకపోతే దానివల్ల పెద్దగా లాభం లేదు. తాను స్వయంగా గమనించిన రూపాలే తన మాటల్లోకి వచ్చాయి. భాష నేర్చుకోవడానికి ముందు గమనించడం జరగాలని 1990లో ఆయన చేసిన ప్రతిపాదనకు ఈ అనుభవమే పునాది.

దీన్ని మన ఇంటికి అన్వయించి చూడండి. "అట్ల కాదు, ఇట్ల అను" అని మనం పదిసార్లు చెప్పినా పిల్లలకు వినిపించేది కోపమే తప్ప తేడా కాదు. మాట్లాడుతున్నప్పుడు వాళ్ల ధ్యాసంతా తర్వాతి పదం వెతుక్కోవడంలో ఉంటుంది. తాము ఏమన్నారో వాళ్లకే గుర్తుండదు. మాట గాలిలో కలిసిపోతుంది. వీడియో ఆ మాటను ఆపి ఉంచుతుంది. తీరికగా, ఒంటరిగా, ఎవరూ నవ్వకుండా చూసుకునే అవకాశం ఇస్తుంది.

తెలుగింటి పిల్లలకు వీడియోలో కనిపించేవి

మన పిల్లల ఇంగ్లిష్ తప్పుల్లో చాలావరకు నిర్లక్ష్యం వల్ల వచ్చేవి కావు. తెలుగు వాక్యం అలవాటును ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లడం వల్ల వస్తాయి. కారణం తెలిస్తే మనకు కోపం తగ్గుతుంది, పిల్లలకు దిద్దుకోవడం తేలికవుతుంది.

మొదటిది, "రోజూ", "రేపు". తెలుగులో "నేను రోజూ బడికి వెళ్తాను" అన్నా, "నేను రేపు బడికి వెళ్తాను" అన్నా క్రియ ఒకటే. అందుకే పిల్లలు "డైలీ ఐ విల్ గో టు స్కూల్" అంటారు. ఇంగ్లిష్‌లో రోజూ జరిగే పనికి "ఐ గో", రేపటి పనికి "ఐ విల్ గో". వీడియోలో "విల్" ఎన్నిసార్లు వచ్చిందో, అందులో నిజంగా రేపటి పని ఎన్నిసార్లో పిల్లలనే లెక్కపెట్టమనండి.

రెండోది, ప్రశ్న అడిగే తీరు. "నువ్వు ఎందుకు లేటుగా వచ్చావు?" అనే వాక్యంలో మాటల వరస మామూలు వాక్యంలాగే ఉంటుంది, "ఎందుకు" చేరుతుంది అంతే. దాంతో "వై యు కేమ్ లేట్?" అని వస్తుంది. ఇంగ్లిష్‌లో "వై డిడ్ యు కమ్ లేట్?" అనాలి. ఆ "డిడ్" తెలుగులో లేని మాట. అందుకే చెవికి తప్పిపోతుంది.

మూడోది, "ఎ", "యాన్", "ద". తెలుగులో వీటికి సరిసమానమైన మాటలే లేవు. పిల్లలు వదిలేయడం సహజం. చెప్పింది ఎదుటివాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది కాబట్టి దీన్ని చివరలో దిద్దుకోవచ్చు.

నాలుగోది, మాట చివర అచ్చు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్ "బస్సు" అవుతుంది, బుక్ "బుక్కు" అవుతుంది. ఇంగ్లిష్ వాక్యంలో ప్రతి మాట చివరా "ఉ" చేరితే వినేవాళ్లకు కష్టమవుతుంది.

ఐదోది, మాట మొదట "య", "వ". ఎగ్జామ్ "యెగ్జామ్" అవుతుంది, ఓన్లీ "వోన్లీ" అవుతుంది. అలాగే "జూ", "జీరో" మాటల్లో మొదటి ధ్వని మన "జ" కాదు. "స్" అని సాగదీస్తూ దానికి గొంతు కలిపితే వచ్చే ధ్వని అది. గొంతు మీద వేలు పెట్టి చూస్తే ఆ వణుకు తెలుస్తుంది.

మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంటి భాష లంబాడీ, ఊరి భాష తెలుగు. ఇంగ్లిష్ వాళ్లకు మూడోదో నాలుగోదో. భూపాలపల్లి సింగరేణి కాలనీల్లో పెరిగే కొందరు పిల్లలకు ఆటల్లో హిందీ కూడా అలవాటు. ఇది బలహీనత అనుకోకండి. ఇప్పటికే రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరిగే పిల్లలకు మూడోది నేర్చుకునే అలవాటు ఉన్నట్టే. "ఇంట్ల గూడ ఇంగ్లిషే మాట్లాడాల్నా మేడం?" అని అడిగేవారికి మా సమాధానం ఒకటే. అమ్మతో, నానమ్మతో మాట్లాడే భాషను ఆపకండి. చెప్పడానికి విషయం ఆ భాషలోనే పోగవుతుంది. విషయం లేని నోటికి ఏ భాష వచ్చినా లాభం లేదు.

ఎలా చేయాలి?

నాలుగో తరగతి నుంచి పై పిల్లలకు ఈ పద్ధతి. ఒక్కసారికి పావుగంట.

1. విషయం ఎంచుకోవడం. పిల్లలకు బాగా తెలిసినదే తీసుకోవాలి. "గ్లోబల్ వార్మింగ్" వద్దు. "మా ఇంట్లో బతుకమ్మ ఎలా పేరుస్తాం" బాగుంటుంది.

2. ముందు ఇంటి భాషలో చెప్పడం. ఒక నిమిషం తెలుగులోనో లంబాడీలోనో మీకు చెప్పమనండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది అక్కడే తేలిపోతుంది.

3. చీటీ మీద ఐదు మాటలు. వాక్యాలు రాయకూడదు, మాటలు మాత్రమే. వాక్యం రాస్తే చదివేస్తారు. కళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతుంటే చదువుతున్నారని మీకు వీడియోలో తెలిసిపోతుంది.

4. ఫోన్ పెట్టడం. నెట్ ఆపేసి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పుస్తకాల దొంతికో స్టీలు డబ్బాకో ఆనించి, పిల్లల కళ్ల ఎత్తులో ఉంచండి. కిటికీ వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి రాకూడదు. ఫ్యాన్, టీవీ ఆపండి. వెనక కెమెరా వాడితే మంచిది. ముందు కెమెరా పెడితే పిల్లలు జుట్టు సర్దుకోవడంలో పడతారు.

5. మొదటి టేక్, రెండు నిమిషాలు. మధ్యలో ఆగినా, తప్పు పోయినా ఆపకూడదు. మాట దొరకకపోతే తెలుగు మాట వేసి ముందుకు పోవచ్చు.

6. చూసుకోవడం, రెండుసార్లు. మొదటిసారి ధ్వని ఆపేసి చూడాలి. ముఖం, చేతులు, చూపు ఎలా ఉన్నాయో కనిపిస్తుంది. రెండోసారి ఫోన్ బోర్లా పెట్టి వినాలి. మాట స్పష్టత, ఆగిన చోట్లు తెలుస్తాయి.

7. ఒక్కటి ఎంచుకుని దిద్దుకోవడం. దొరకని మాట డిక్షనరీలో వెతకడమో, "విల్" సరిచేయడమో, గొంతు పెంచడమో ఏదైనా సరే, ఒక్కటే.

8. మళ్లీ చెప్పడం. రెండో టేక్ ఒకటిన్నర నిమిషంలో, మూడోది ఒక నిమిషంలో.

సమయం ఎందుకు తగ్గించాలి? భాషాబోధనలో 4-3-2 అనే పేరున్న అభ్యాసం ఉంది. కీత్ మారిస్ 1983లో దాన్ని వివరించారు, న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ తర్వాత పరిశీలించి ప్రచారంలోకి తెచ్చారు. ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు శ్రోతలకు మొదట నాలుగు నిమిషాల్లో, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో చెప్పాలి. విషయం కొత్తది కాదు కాబట్టి బుర్ర మీద భారం తగ్గుతుంది, సమయం తక్కువ కాబట్టి తడబాటు తగ్గి వేగం వస్తుంది. పిల్లల కోసం మనం ఆ నిమిషాలను తగ్గించుకున్నాం. ఇంట్లో శ్రోతలు కావాలంటే రెండో టేక్ తమ్ముడి ముందు, మూడోది తాతయ్య ముందు చెప్పించవచ్చు, పిల్లలకు ఇష్టమైతేనే.

ఒక నమూనా చూద్దాం

ఆరో తరగతి పిల్లవాడు తన తండ్రి మిర్చి అమ్మడం గురించి చెబుతున్నాడనుకుందాం. మొదటి టేక్ ఇలా ఉండవచ్చు: "మై ఫాదర్... మిర్చి... ఆ... మార్కెట్ విల్ గో. డైలీ హి విల్ డ్రై ద మిర్చి. ఆ... తొడిమ... రిమూవ్. దెన్ ఆటో. దెన్ మార్కెట్."

ఇందులో తప్పులు లెక్కపెట్టే ముందు ఒప్పులు చూడండి. పని జరిగే వరస అంతా సరిగ్గా ఉంది. "డ్రై", "రిమూవ్" అనే మంచి మాటలు తనంతట తానే పట్టుకొచ్చాడు. ఆగిపోయిన చోట వదిలేయకుండా "తొడిమ" అని తెలుగు మాట వేసి ముందుకు వెళ్లాడు. ఈ మూడూ మాట్లాడేవాడి లక్షణాలు.

చూసుకున్నాక అతను తొడిమను ఇంగ్లిష్‌లో "స్టాక్" అంటారని తెలుసుకున్నాడు, "విల్" తీసేశాడు అనుకుందాం. మూడో టేక్: "మై ఫాదర్ డ్రైస్ ద మిర్చి ఫర్ మెనీ డేస్. వి రిమూవ్ ద స్టాక్స్. దెన్ హి టేక్స్ ద బ్యాగ్స్ టు మార్కెట్ ఇన్ ఆటో." ఇంకా "యాన్" లేదు, "ద" లేదు. ఫర్వాలేదు, అది వచ్చే వారం పని. పావుగంటలో ఒక మాట నేర్చాడు, ఒక అలవాటు మార్చాడు, వాక్యాలు పూర్తి చేశాడు. ఆ మార్పు తన కళ్లతో తానే చూశాడు.

మన దగ్గర విషయాలకు కొదవ లేదు

జనగామ పిల్లలకు పెంబర్తి ఇత్తడి పని ఉంది, పోతన ఊరుగా పేరున్న బమ్మెర ఉంది, పాలకుర్తి గుట్ట ఉంది. రైల్వే స్టేషన్‌లో కనిపించే సంగతులే రెండు వీడియోలకు సరిపోతాయి. మహబూబాబాద్ పిల్లలకు మిర్చి, పత్తి, కురవి వీరభద్రస్వామి జాతర ఉన్నాయి. తండా ఆడపిల్లలకు తీజ్ పండుగ ఉంది: బుట్టల్లో గోధుమ మొలకలు ఎలా పెంచుతారో, తొమ్మిది రోజులు ఏం చేస్తారో వాళ్లకంటే బాగా ఎవరు చెప్పగలరు? భూపాలపల్లి పిల్లలకు సింగరేణి గనులు, చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ, గణపురం కోటగుళ్లు, కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసే చోటు ఉన్నాయి. "డాడీ నైట్ షిఫ్ట్‌కు వెళ్లిన రోజు మా ఇల్లు ఎలా ఉంటుంది?" అన్నది ఏ పుస్తకంలోనూ దొరకని విషయం.

ఇలాంటి విషయాల్లో ఇంకో లాభం ఉంది. తంగేడు పువ్వు, గునుగు పువ్వు, సద్దుల బతుకమ్మ... వీటికి పిల్లలకు తెలిసిన ఇంగ్లిష్ మాట ఉండదు. "ఇట్ ఈజ్ ఎ యెల్లో ఫ్లవర్. ఇట్ గ్రోస్ నియర్ ద రోడ్" అని వివరించక తప్పదు. మాట తెలియనప్పుడు వివరించి గట్టెక్కడం స్పోకెన్ ఇంగ్లిష్‌లో పెద్ద నైపుణ్యం. రేపు ఇంటర్వ్యూలో, కొత్త ఊళ్లో పనికొచ్చేది అదే.

ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులు ఏం చేయగలరు?

చాలా చేయగలరు. ఈ పద్ధతిలో మీకు ఇంగ్లిష్ రావాల్సిన అవసరమే లేదు. పిల్లలు చూసుకున్నాక, వాళ్లు చూపిస్తానంటే మీరూ చూడండి. తర్వాత మీ భాషలోనే ఈ మూడు ప్రశ్నలు అడగండి.

"ఇందులో నీకు నచ్చిన చోటు ఏది?"
"ఎక్కడ ఆగినవు? ఏ మాట దొరకలేదు?"
"మళ్ల చెప్తే ఏది మారుస్తవు?"

వరస మార్చకండి. మొదటి ప్రశ్న నచ్చిన దాని గురించే ఉండాలి. ఆ తర్వాత మీకు కనిపించినవి చెప్పవచ్చు: గొంతు వినిపించిందా, తొందరపడ్డారా, చూపు కిందికి ఉందా. ఇవి చెప్పడానికి భాష తెలియాల్సిన పనిలేదు. ఇంగ్లిష్ బాగా వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం ఒక విన్నపం. పది తప్పులు కనిపించినా ఒక్కటే చెప్పండి. మిగతా తొమ్మిదీ ఎక్కడికీ పోవు.

మొదటి వీడియో చూడగానే చాలామంది పిల్లలు "ఛీ, నా గొంతు ఇట్ల లేదు" అంటారు. అది సిగ్గు మాత్రమే కాదు, దానికి శాస్త్రీయ కారణం ఉంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. ఎముకల గుండా వచ్చే ధ్వనిలో మంద్రం ఎక్కువ. రికార్డింగ్‌లో అది ఉండదు కాబట్టి గొంతు సన్నగా, వేరేవాళ్లదిలా వినిపిస్తుంది. పెద్దవాళ్లకూ అంతే. ఈ సంగతి ముందే చెప్పండి. మూడు నాలుగు వీడియోలయ్యాక అలవాటైపోతుంది. అప్పటికీ ఇష్టపడని పిల్లలతో ముఖం లేకుండా ఆడియో మాత్రమే చేయించండి.

ఆ వీడియో ఎవరిది?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. వీడియో బాగా వచ్చిందని ముచ్చటపడి స్టేటస్‌లో పెట్టకండి. ఫ్యామిలీ గ్రూపులో పంపకండి. మీరు ప్రేమతోనే పంపుతారు. కానీ బంధువుల్లో ఒకరు నవ్విన బొమ్మ పెడితే, ఇంకొకరు "మా పాప ఇంతకంటే మంచిగ మాట్లాడుతది" అంటే, ఆ పిల్లలు మళ్లీ కెమెరా ముందు తప్పు చేయడానికి ఒప్పుకోరు. తప్పు చేసే ధైర్యం పోతే నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. తర్వాత వచ్చేవన్నీ బట్టీ వీడియోలే.

మాకు కూడా పంపనక్కర్లేదు. పిల్లలు తమంతట తాము ఇంగ్లిష్ టీచర్‌కు చూపించాలనుకుంటే బడిలో చూపించవచ్చు. ఇంకొక విషయం మీకు తెలిసి ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లల వ్యక్తిగత సమాచారాన్ని డిజిటల్‌గా వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. మీ పిల్లల వీడియో ఎవరు అడిగినా, అది బడే అయినా, ఎందుకు అని అడిగే హక్కు మీకుంది. వద్దనే హక్కు కూడా ఉంది.

ఫోన్‌లో ప్రతి నెలా మొదటి వీడియో ఒకటి ఉంచి మిగతావి పిల్లల చేతనే తీయించేయండి. ఉంచినవి ఏడాది చివర వరసగా చూసుకుంటే, ఎంత దూరం వచ్చారో వాళ్లకే తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

"ఫోన్ ఇయ్యొద్దని మీరే చెప్తరు, మళ్ల మీరే ఇయ్యమంటరా?" అని అడిగితే న్యాయమే. పావుగంట అయిపోగానే ఫోన్ మీ చేతికి రావాలి. ఫ్లైట్ మోడ్ తీసేది కూడా మీరే.

మూడో తరగతి లోపు పిల్లలకు చూసుకుని దిద్దుకోవడం వద్దు. వాళ్లతో ఊరికే మాట్లాడించండి, పాటలు పాడించండి, కథలు వినిపించండి.

మాట నత్తిగా వచ్చే పిల్లలు ఉంటే ఈ వీడియోను చూపించి "ఇక్కడ ఆగినవ్" అనకండి. దానికి స్పీచ్ థెరపిస్ట్ సలహా కావాలి. వీడియో దానికి మందు కాదు.

అక్కను, తమ్ముడిని పక్కపక్కన పెట్టి పోల్చకండి. పోల్చాలంటే ఈ నెల వీడియోను పోయిన నెల వీడియోతో పోల్చండి.

అలాగే ఈ పద్ధతితో కుదరనిది కూడా చెప్పాలి. కెమెరా తిరిగి ప్రశ్న అడగదు. ఎదుటివాళ్లు అన్నది విని వెంటనే జవాబివ్వడం మనుషులతోనే వస్తుంది. అందుకే నెలకు రెండు మూడు వీడియోలు ఇద్దరు స్నేహితులు కలిసి ప్రశ్నలు, జవాబులుగా చేస్తే మంచిది. చదవడం, వినడం కూడా కొనసాగాలి. లోపలికి పోని మాట బయటికి రాదు.

నెల రోజుల ప్లాన్

మొదటి వారం: విషయం "మా ఇల్లు, మా వీధి". దిద్దుకోవాల్సింది గొంతు మాత్రమే. రెండు గజాల దూరంలో ఉన్నవాళ్లకు వినిపించాలి.

రెండో వారం: విషయం "మా ఇంట్లో పెద్దవాళ్లు చేసే పని". ఇక్కడ "విల్" సంగతి చూసుకోవాలి.

మూడో వారం: విషయం "మా ఊరి పండుగ లేదా జాతర". ఇంగ్లిష్ మాట లేని మూడు వస్తువులను వివరించాలి.

నాలుగో వారం: స్నేహితుడితోనో అక్కతోనో ఐదు ప్రశ్నలు, ఐదు జవాబులు. "డిడ్", "డజ్" ప్రశ్నల్లో వస్తున్నాయో లేదో చూసుకోవాలి.

నెలకే అమెరికన్ల యాస వస్తుందని అనుకోకండి. ఆ యాస అవసరం కూడా లేదు. వినేవాళ్లకు తేలిగ్గా అర్థమైతే మన యాసలో మాట్లాడిన ఇంగ్లిష్ కూడా మంచి ఇంగ్లిషే. నెల తర్వాత చూడాల్సినవి వేరే: "ఆ... ఆ..." అని ఆగే సమయం తగ్గిందా, వాక్యాలు మధ్యలో వదిలేయకుండా పూర్తి చేస్తున్నారా, మాట దొరకనప్పుడు తల దించుకోకుండా ఇంకో మాటతో నెట్టుకొస్తున్నారా. ఈ మూడింట్లో ఒక్కటి మారినా మంచి మొదలే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వీడియోలు తీసుకురావాల్సిన పనిలేదు. ఈ నెలలో ఏం మార్చుకున్నారో పిల్లలనే ఒక్క మాటలో చెప్పమనండి. ఇంగ్లిష్‌లో చెప్పినా, తెలుగులో చెప్పినా మేము వింటాం.